నివేదికలలో చిత్రములు : ధర్మాధర్మ విచారము

మానవుడు విన్నదాని కంటె చూచినదానిని త్వరగా నమ్మును. న్యాయస్థానములలో సైతము విన్న సాక్షి కంటె కన్న సాక్షికి విలువ హెచ్చు. "కళ్ళారా చూచినాను" అనువానిని మరల ప్రశ్నించుటకు ఎదుటివాడు జంకును. ఈ కారణము చేతనే వ్యాసము వ్రాయువాడును, నివేదిక సమర్పించువాడును, సభలో తెర ముందు నిలిచి ప్రసంగించువాడును తన మాటలకు తోడుగా ఒక ఛాయాచిత్రమునో, పటమునో, రేఖాచిత్రమునో తెచ్చుకొనుచున్నారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల వంటి పట్టణముల కళాశాలలలో కూడ నేడు ప్రాజెక్టు పని లేని తరగతి లేదు. బొమ్మ లేని ప్రాజెక్టు లేదు. వ్రాతలోని తప్పు దిద్దుటకు వ్యాకరణమున్నది. బొమ్మలోని తప్పు దిద్దుకొనుటకు విద్యార్థుల చేతికి మేమేమిచ్చినాము?

ఈ ప్రశ్న మాకు పుట్టిన సందర్భమును మొదట చెప్పెదము.

గత సంవత్సరము కోదాడ ప్రాంతము నుండి వచ్చు ఒక విద్యార్థి "నల్లగొండలో ఫ్లోరైడు సమస్య" అను అంశముపై తరగతిలో ప్రసంగించినాడు. శ్రద్ధగల పిల్లవాడు. మన నేలలోని గ్రానైటు శిలల నుండి ఫ్లోరైడు భూగర్భ జలములోనికి దిగుననియు, లీటరు నీటిలో అది 1.5 మిల్లీగ్రాములకు మించరాదనియు, మొదట పండ్లపై మచ్చలు కట్టి పిదప ఎముకలను పట్టుననియు చక్కగా వివరించినాడు. పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని నాగపూరులోని పరిశోధన సంస్థ 1970వ దశకమున రూపొందించగా దానికి లోకమంతట "నల్లగొండ పద్ధతి" అను పేరు నిలిచిన సంగతి కూడ మరువలేదు. చివర తెరపై ఒక చిత్రము నిలిపినాడు. ఏడెనిమిదేండ్ల బాలుడు. ఒంటిపై బట్ట లేదు. కాళ్ళు వింటివలె వంగినవి. ముఖము స్పష్టముగా కనబడుచున్నది. తరగతి నిశ్శబ్దమైనది. ఆ నిశ్శబ్దమును అతడు తన ప్రసంగ విజయముగా భావించినాడు. మేమును అట్లే భావించినాము.

పిమ్మట, అలవాటు చొప్పున, "ఈ పిల్లవాడెవరు?" అని అడిగినాము. "నెట్‌లో దొరికింది సార్" అన్నాడు. ఏ ఊరు, ఏ సంవత్సరము, ఎవరు తీసినారు అన్నవానికి సమాధానము లేదు. అసలు అది ఫ్లోరైడు వ్యాధియేనా? విటమిన్ డి లోపము వలన కూడ పిల్లల కాళ్ళు వంగును. ఒక్క చిత్రమును చూచి వ్యాధి నిర్ణయము చేయుట వైద్యునికే కష్టము. ఆ బాలుడు మన జిల్లావాడో, మన దేశమువాడో కూడ మాకు తెలియదు. తరగతి అంతయు కంటనీరు పెట్టుకొన్న ఆ చిత్రము వెనుక తెలిసిన విషయము ఒక్కటియు లేదు.

తరగతి ముగిసిన పిదప ఒక విద్యార్థిని మా వద్దకు వచ్చినది. మర్రిగూడ వైపు పల్లె నుండి వచ్చి బంధువుల ఇంట ఉండి చదువుకొనుచున్న పిల్ల. తల వంచుకొని, "సార్, మా దాదీని గూడ ఇట్లనే ఫొటోలు తీస్కపోయిండ్రు. ఎవరో తెల్వదు. నడువుమంటే నడిచింది, చెయ్యి లేపుమంటే లేపింది. మళ్ళ రాలే" అన్నది. అది ఫిర్యాదు కాదు. ఆమె అడిగినదేమియు లేదు. కాని ఆ దాదీ చిత్రము ఏ తరగతిలో, ఏ తెరపై, ఏ ఊరి పేరుతో నిలిచియున్నదో అను ఆలోచన మమ్ము విడువలేదు.

మన ఉర్దూ సోదరులు "అమానత్" అను మాటను తరచుగా వాడుదురు. తెలుగులో దీనికి "ఇల్లడ" అను చక్కని పాత మాట కలదు. నమ్మి మన వద్ద దాచిన సొమ్ము అని అర్థము. ఇల్లడ సొమ్మును మనము కాపాడవలెనే గాని మన ఖర్చుకు వాడుకొనరాదు. ఒకని ముఖమును చిత్రముగా మన నివేదికలోనికి తెచ్చుకొనుట ఇట్టిదే యని మా అభిప్రాయము. అందుచేత చిత్రమును వాడువాడు ఇద్దరికి జవాబుదారి: చిత్రములో ఉన్నవానికి, చిత్రమును చూచువానికి. మొదటివానికి గౌరవము దక్కవలెను. రెండవవానికి నిజము దక్కవలెను. ఈ రెండింటిలో ఏది తప్పినను ఆ బొమ్మ దొంగ సొమ్మే యగును.

అట్లని బాధితుల చిత్రములు అసలు చూపరాదని మేము వాదించుట లేదు. ఫ్లోరైడు చరిత్రయే దీనికి సాక్ష్యము. మర్రిగూడ మండలము శివన్నగూడెమునకు చెందిన అంశల స్వామి చిన్ననాటనే ఆ వ్యాధికి గురియై దేహమెదగక వంకరపోయిన వ్యక్తి. వాజపేయి ప్రధానమంత్రిగా ఉన్న కాలమున, జల సాధన సమితికి చెందిన దుశ్చర్ల సత్యనారాయణ ఆయనను ఢిల్లీకి తీసికొనిపోయి ప్రధాని ఎదుట బల్లపై పరుండబెట్టినారు. సత్యనారాయణ మన సూర్యాపేట జిల్లా మోతె మండలము రాఘవాపురము వారు. ఎన్నో వినతిపత్రములు కదలించలేని దానిని ఒక దేహము కదలించినది. నాటి నుండి స్వామి చిత్రము ఫ్లోరైడు సమస్యకే గుర్తుగా నిలిచినది. కాని ఇచ్చట ఒక భేదమును గమనింపవలెను. స్వామికి పేరున్నది, ఊరున్నది, మాట ఉన్నది. పత్రికల వారితోను, మంత్రులతోను ఆయన తన గోడును తానే చెప్పుకొన్నాడు. 2023 జనవరిలో మరణించు వరకు ఆయన ఒక మనిషిగా మనకు తెలియును. పేరు లేని ఆ బాలునికి ఈ భాగ్యము లేదు. ఒక మనిషి తన కష్టమును తాను చూపుకొనుట వేరు. వానికి తెలియకుండ వాని కష్టమును మనము చూపుట వేరు.

దేహమును చూపకయే కన్ను తెరిపించిన ఉదాహరణము కూడ మన జిల్లాలోనే గలదు. 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానమునకు 480 మంది అభ్యర్థులు నిలిచినారు. నీటి సమస్యను దేశము దృష్టికి తెచ్చుటకై గ్రామస్థులు వేసిన నామినేషన్ల ఫలితమది. బ్యాలెటు ఒక కాగితము కాక పుస్తకమైనది. పోలింగు వాయిదా పడినది. ఆ బ్యాలెటు పుస్తకము ఛాయాచిత్రమొక్కటి తెరపై నిలిపిన చాలును, ఏ బిడ్డను వివస్త్రను చేయకయే సమస్య తీవ్రత బోధపడును. మా విద్యార్థికి ఈ సంగతి తెలియదు. చెప్పవలసిన మేము చెప్పలేదు.

పరుల కష్టమును బొమ్మగా మలచుట నేటి వింత కాదు. 1876-78 నాటి మద్రాసు కరవు బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలను ఊడ్చివేసినది. మద్రాసు సైన్యములో అధికారియైన విల్లోబీ వాలెస్ హూపర్ ఆ కరవు బాధితులను, ఎముకల గూడులుగా మిగిలిన స్త్రీలను, వృద్ధులను, పిల్లలను వరుసలుగా కూర్చుండబెట్టి చిత్రములు తీసినాడు. ఒక ఇంటివారు కలిసి చిత్రము తీయించుకొన్నట్లే వారిని అమర్చినాడు. ఆ చిత్రములు నేటికిని కరవు గ్రంథములలో అచ్చగుచున్నవి. అందలి ఒక్కరి పేరును మనకు తెలియదు. ఇదే హూపర్ 1886లో మాండలేలో మరణశిక్షకు గురియగు బర్మీయులను, తుపాకులు ప్రేలు క్షణముననే చిత్రించుటకు యత్నించినాడని పెద్ద అలజడి రేగి విచారణ జరిగినది. ఆనాటి ప్రభుత్వమునకే అది దుస్సహమైనదన్న మాట.

మన హైదరాబాదు రాజ్యమున మరియొక రీతి కనబడును. ఆరవ నిజాము కొలువులోని ప్రసిద్ధ ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్. నిజాము ఆయనకు "ముసవ్విర్ జంగ్" అను బిరుదునిచ్చినాడు. ముసవ్విర్ అనగా చిత్రకారుడు, తస్వీర్ అను మాటకు తోబుట్టువు. నాడు నిజాము రాజ్యములో భాగమైన ఔరంగాబాదు జిల్లాలో జరిగిన కరవు సహాయ కార్యములను ఆయన సంస్థ చిత్రములుగా తీసినది. ఆ చిత్రముల ఆల్బము కర్జను ప్రభువు సేకరణలో చేరినది. హూపర్ చిత్రములలో బాధ కనబడును; వీనిలో ప్రభువుల దయ కనబడును. రెండింటను అన్నార్తుడు మాత్రము నోరు లేని వస్తువుగానే మిగిలినాడు.

ఇంత దూరము పోవుట దేనికనగా, సహాయమును చిత్రించు ఆ రెండవ రీతి మన వార్షిక నివేదికలలో నేటికిని సజీవముగా ఉన్నది. కమిటీ పెద్దలు మన్నింతురు గాక. ఫీజు సహాయము పొందిన పేద విద్యార్థినిని వేదికపైకి పిలిచి, పెద్ద అట్టపై వ్రాసిన చెక్కును ఆమె చేతికిచ్చి, ఇరువైపుల పెద్దలు నిలిచి ఫొటో తీయించుకొనుట ఇప్పుడు అన్ని విద్యాలయములలో ఆచారమైనది. ఆ చిత్రమున దాతలు కెమెరాను చూతురు. పిల్ల నేలను చూచును. మరునాడు ఆ చిత్రము ఊరిలోని ఫోనులన్నింట తిరుగును. ఆ పిల్ల పెండ్లి మాటల నాడు కూడ అది ఎవరి ఫోనులోనో ఉండును. దానము చేసి ఎత్తిపొడుచుట దానినే నిష్ఫలము చేయుననియు, పేదవానికి గుప్తముగా ఇచ్చుట మేలనియు ఖురాన్ రెండవ అధ్యాయము బోధించుచున్నది. మన హిందూ సోదరుల ఇండ్లలోను గుప్తదానమునకే గౌరవము. దాతలకు లెక్క చూపవలెను, నిజమే. లెక్కను అంకెలతో చూపవచ్చును: ఇంతమందికి, ఇంత మొత్తము, ఈ తరగతులలో. ముఖములు చూపిన గాని లెక్క నమ్మని దాత ఉన్నయెడల ఆయనకు నచ్చజెప్పుట కమిటీ పని, పిల్లది కాదు.

ఇతరులను అనుటకు ముందు మా తప్పును ఒప్పుకొనెదము. కొన్నేండ్ల క్రిందట ఒక సదస్సు నివేదికను మేమే తయారు చేసినాము. సభలో ముందు రెండు వరుసలే నిండినవి. వెనుక కుర్చీలన్నియు ఖాళీ. వేదిక పక్క మూల నుండి తీసిన చిత్రమునే ఎన్నుకొని, అంచు కొంత కత్తిరించి అచ్చు వేయించినాము. అందరును "హాలు నిండినది" అని మెచ్చుకొన్నారు. ఆ చిత్రమున అబద్ధమైన చుక్క ఒక్కటియు లేదు. అయినను అది అబద్ధమే. కత్తెర కూడ మాటలాడునని ఆనాడు మాకు తోచలేదు.

రేఖాచిత్రములలో ఈ కత్తెర పని ఇంకను సూక్ష్మము. ఒక కళాశాల ఉత్తీర్ణత నిరుడు నూటికి 62, ఈ యేడు 66 అనుకొందము. దిమ్మెల చిత్రమును సున్న నుండి ఎత్తిన రెండు దిమ్మెలును దాదాపు సమముగా కనబడును. అదే అడుగు గీతను 60 వద్ద మొదలుపెట్టిన మొదటి దిమ్మె రెండు మెట్లు, రెండవది ఆరు మెట్లు; ఒక్క యేట మూడింతలు పెరిగినట్లు కంటికి తోచును. అంకెలు మారలేదు, పునాది మారినది. దిమ్మెల ఎత్తుతో పోలిక చూపునప్పుడు సున్న నుండి మొదలుపెట్టుటయే న్యాయము. గీత చిత్రములలో చిన్న మార్పులను చూపుటకు కొన్నిసార్లు పునాదిని పైకి జరుపవలసి వచ్చును. అప్పుడు ఆ సంగతి చిత్రము క్రిందనే స్పష్టముగా చెప్పవలెను.

మన ప్రాంతపు విద్యార్థులు తెలియక చేయు మరియొక పొరపాటు కలదు. 2011 జనాభా లెక్కలలో నల్లగొండ జిల్లా జనసంఖ్య సుమారు 34.9 లక్షలు. 2016 అక్టోబరు 11న జిల్లాల విభజన జరిగినది. సూర్యాపేట, కోదాడ కొత్త సూర్యాపేట జిల్లాలో చేరినవి. భువనగిరి వైపు యాదాద్రి జిల్లా ఏర్పడినది. మిర్యాలగూడ మాత్రము నల్లగొండలోనే నిలిచినది. అవే 2011 లెక్కలను కొత్త ఎల్లలతో చూచిన నల్లగొండ జిల్లా జనము సుమారు 16.2 లక్షలు. ఈ రెండు అంకెలను "నల్లగొండ జిల్లా" అను ఒకే పేరు క్రింద పక్కపక్కన దిమ్మెలుగా నిలిపిన, సగము జిల్లా ఏ మహమ్మారికో బలియైనట్లు కనబడును. జనమెక్కడికిని పోలేదు, గీత జరిగినది. వరి విస్తీర్ణము, బడుల సంఖ్య, బావుల లెక్క, అన్నింటను ఇదే ప్రమాదము. 2016కు ముందువి, తరువాతవి కలిపి చిత్రము గీయువారు పాత ఎల్లలా, కొత్త ఎల్లలా అన్నది క్రింద వ్రాయక తప్పదు.

మరల ఫ్లోరైడునకు వత్తము. మిషన్ భగీరథ 2016లో ప్రారంభమై నదీజలమును ఇంటింటికి తెచ్చు పని సాగినది. తెలంగాణలో ఫ్లోరైడు పీడిత ఆవాసముల సంఖ్య సున్నకు చేరినదని 2020లో ప్రకటించినారు. ఆ దిగు గీత చూచుటకు ఎంతయో హాయిగా ఉండును. అది గొప్ప పనియే, కాదనువారు అన్యాయము చేసినవారగుదురు. కాని ఆ గీత కొలిచినది సురక్షిత నీరు అందని ఆవాసములను. వంగిన ఎముకలను కాదు. ఒకసారి వంకరపోయిన ఎముక మంచినీరు వచ్చినంత మాత్రమున చక్కబడదు. ఆ సున్న నమోదైన పిమ్మట కూడ అంశల స్వామి రెండేండ్లకు పైగా జీవించినాడు. మా విద్యార్థిని దాదీ నేటికిని కర్ర ఊతముతో నడుచుచున్నది. "ఫ్లోరోసిస్ సున్న" అని శీర్షిక పెట్టినవాడు వారిని లెక్కలో నుండి కొట్టివేసినట్లే. శీర్షికలో రెండు మాటలు హెచ్చుగా వ్రాసిన ఈ పాపము తప్పును.

ఇక చెప్పుటకు మనసొప్పని విషయమొకటి చెప్పవలసియున్నది. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ఒక ఆసుపత్రి ముంగిట పట్టపగలు ఒక యువకుని హత్య జరిగినది. గర్భవతియైన భార్య పక్కనే ఉన్నది. కులాంతర వివాహము దానికి కారణము. ఆసుపత్రి కెమెరాలో ఆ దృశ్యము నమోదైనది. నేర పరిశోధనకు అది ఉపకరించినది. 2025 మార్చిలో నల్లగొండ న్యాయస్థానము తీర్పు చెప్పినది. న్యాయమూర్తి చూచినంత వరకు అది సాక్ష్యము. కాని అదే దృశ్యము టెలివిజనులలోను, ఫోనులలోను పగలనక రాత్రియనక తిరిగినది. కుల దురహంకారముపై ప్రసంగించు విద్యార్థి సదుద్దేశముతోనే ఆ దృశ్యములోని ఒక చిత్రమును తెరపై పెట్టవచ్చును. మా మాట ఒక్కటే: మిర్యాలగూడ చిన్న ఊరు. ఆ తరగతిలో ఆ కుటుంబమునెరిగిన పిల్లలు ఉందురు. హత్య జరిగినదని చెప్పుటకు హత్యను చూపనక్కరలేదు. తేదీ చెప్పుడు, తీర్పు చెప్పుడు, చట్టము చెప్పుడు. 1984 డిసెంబరులో భోపాలులో మట్టిలో పూడ్చబడుచున్న శిశువు ముఖమును రఘు రాయ్, పాబ్లో బార్తలోమ్యూ చిత్రించిరి. ఆ చిత్రము లేనిదే లోకము ఆ ఘోరమును అంతగా గుర్తుంచుకొనదని పెద్దల వాదము. ఆ వాదములో బలమున్నది. ఒక మహాఘాతుకమును దాచిపెట్టు ప్రయత్నము జరుగునప్పుడు చిత్రము తప్పనిసరి కావచ్చును. ఎవరును దాచని, ఊరంతయు చూచిన ఘటనకు ఆ అవసరమేమున్నది?

చట్టము చెప్పునది క్లుప్తముగా. అత్యాచార బాధితుల పేరుగాని, గుర్తు తెలియజేయు చిత్రముగాని ప్రకటించుట నేరము. 2024 జులై నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను దీనిని నిషేధించుచున్నది. మరణించినవారి విషయమునను గోప్యత పాటింపవలెనని సుప్రీం కోర్టు 2018లో చెప్పినది. నేరములలో చిక్కిన, లేదా నేరములకు గురియైన బాలల గుర్తింపును 2015 నాటి బాలల న్యాయ చట్టము కాపాడుచున్నది. ఛాయాచిత్రములకు 1957 కాపీరైటు చట్టము క్రింద తీసినవారి జీవితకాలమును, వారి మరణానంతరము అరువది యేండ్లును రక్షణ గలదు. తరగతి బోధనకు కొంత మినహాయింపు ఉన్నను, పత్రికలో అచ్చు వేయుట బోధన క్రిందికి రాదు. "గూగుల్ నుండి" అని క్రింద వ్రాయుట మూలము చెప్పుట కాదు. ఉత్తరము ఎవరు వ్రాసినారని అడిగిన "పోస్టుమాన్" అని చెప్పినట్లుండును.

నేడు కృత్రిమ మేధ అడిగినదే తడవుగా లేని మనిషిని, లేని ఊరిని ఛాయాచిత్రమువలె గీసి ఇచ్చుచున్నది. ఒక యంత్రమును గాని, గుండె నిర్మాణమును గాని ఊహా చిత్రముగా చూపుటలో దోషము లేదు. "ఇది గీయించిన బొమ్మ" అని క్రింద ఒక మాట ఉన్న చాలును. కాని కరవునకు, వరదకు, అల్లరికి యంత్రముచే బొమ్మ గీయించి నిజమని చూపుట కూట సాక్ష్యము. ఒక ఊరి అల్లరి చిత్రమును మరియొక ఊరిదని పంపుట వలన ఎన్ని వీధులలో తలుపులు మూతబడునో మనబోటి వారికి వేరుగా చెప్పనక్కరలేదు.

మా విద్యార్థి తరువాతి నెలలో తన ప్రసంగమును మరల చేసినాడు. బాలుని చిత్రము తీసివేసినాడు. దాని స్థానమున పాత జిల్లా పటము గీసి, క్రింద "2016కు ముందరి ఎల్లలు" అని వ్రాసినాడు. 480 మంది అభ్యర్థుల కథ చెప్పినాడు. ఈసారి తరగతి నిశ్శబ్దము కాలేదు, ప్రశ్నలు వచ్చినవి.

ఈ సంచికలోని ప్రతి ఛాయాచిత్రము క్రింద స్థలము, తేదీ, తీసినవారి పేరు ఉండునట్లు సంపాదక వర్గము శ్రద్ధ తీసికొన్నది. ఉపకార వేతనముల పుటలో అంకెలే గలవు. ఈ వ్యాసమునకు తోడుగా దాదీ చిత్రమును ఆమె పేరుతో అచ్చు వేయవలెనని మేము తలచి, ఆ విద్యార్థినిని అడిగి రమ్మన్నాము. సెలవులలో ఇంటికి పోయినపుడు ఆమె అడిగినది. దాదీ వద్దన్నది. కనుక ఈ వ్యాసమునకు చిత్రము లేదు.